కపాల సభలో అష్టావధానం

పెన్నమ్మకు మొక్కి, కామాక్షీ సమేత సంగమేశ్వరుణ్ణి తలచి, తిక్కన సోమయాజికి దూరం నుంచే దండం పెట్టి (భారతంలో 15 పర్వాలు తెనిగించిన ఆయన జిల్లాలో 15 వాక్యాలకు పూనుకోవడం సాహసమే మరి) కావ్యారంభం చేస్తున్నాను. రంగస్థలం సంగంలో ఒక టీకొట్టు. వర్ణ్యవస్తువు గ్లాసులో టీ మీద కట్టిన మీగడ. నాయకుడు నా బుద్ధి. ధీరోదాత్తుడా కాదా అన్నది ముందు ముందు తేలుతుంది.

అష్టావధానానికి ఎనిమిదిమంది పృచ్ఛకులు కావాలి. ఎనిమిదిమందీ నా కపాలంలోనే కాపురం. వర్ణన పృచ్ఛకుడు మీసం దువ్వి, "మీగడను వర్ణించండి" అన్నాడు. బుద్ధి తడుముకోలేదు. పాలసముద్రాన్ని పిలిచింది. వెనకాలే తెరచాప, వెన్నెల చతురంగ బలాలతో బయల్దేరాయి. ఆహా, ఏమి వేగం అని మురిసిపోయేలోగా నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు గొంతు సవరించాడు.

ఈయన పని తెలిసిందే. అవధాని నోట ఒక అక్షరం పడగానే, రాబోయేదాన్ని పసిగట్టి వద్దంటాడు. "పా" అన్నాను. "ల నిషిద్ధం" అన్నాడు. "తె" అన్నాను. "ర నిషిద్ధం." "వె" అనేసరికి ఆయన నవ్వుతున్నాడు. నా తర్వాతి మాట నాకన్నా ముందు ఆయనకెలా తెలుసు? అది నేను పుట్టించింది కాదు గనక. ఏనాడో సర్ది పెట్టుకున్న నిల్వ సరుకు. నేను ప్రతిభ అనుకున్నది ఉత్త అలవాటు.

సంగం దగ్గర పెన్నకు 1880లలో ఆనకట్ట కట్టారు. 2022లో 85 గేట్ల బ్యారేజీ వచ్చింది. అడ్డుకట్ట పడితేనే నీటిమట్టం లేచి కనుపూరు కాలువకూ కావలి కాలువకూ నీరెక్కుతుంది. లేకపోతే నది తన పాటికి తాను సముద్రంలోకి పోతుంది. బుద్ధి పోకడా అదే.

అన్ని దారులూ మూతపడ్డాక, గతిలేక, నాయకుడు మీగడ వైపు చూశాడు. గాలికి అది నడుమ ముడతపడింది. ఒక కొసన గాజును కరుచుకుని, రెండో కొసన వదిలేసింది. ఆ సందులోంచి ఆవిరి సన్నగా వస్తోంది. చక్కెర కోసం దుర్గమెక్కిన చీమ ఒకటి అంచున ఆగి, మీసాలాడిస్తూ యుద్ధ నీతి ఆలోచిస్తోంది.

సరిగ్గా అప్పుడే అప్రస్తుత ప్రసంగి లేచి, "అవధానిగారూ, కరెంటు బిల్లు కట్టారా?" అన్నాడు. రేపు కడతానని చెబుతుండగా, పిలవకుండానే వచ్చిందొక మాట: పాపం, టీకి వయసు మీదపడింది!

చివరికి ధారణ. ఎనిమిది అంశాల్లో నాయకుడు అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది కరెంటు బిల్లు ఒక్కటే.

ఫలశ్రుతి: ఈ కావ్యం చదివినవారికి, మొదట తట్టిన మాటను నిషేధించే పృచ్ఛకుడూ, వేళగాని వేళ అడ్డుపడే ప్రసంగీ తలలోనే దొరుకుదురుగాక. టీ మాత్రం చల్లారిపోవుగాక, తప్పదు.