రేకుల పెంట్‌హౌస్

న్యూయార్కులో పెంట్‌హౌస్ అంటే కోటీశ్వరులుండేది. హైదరాబాదు శ్రీనగర్ కాలనీలో పెంట్‌హౌస్ అంటే డాబా మీద, సింటెక్స్ ట్యాంకు పక్కన, రేకులు కప్పిన ఒంటిగది. మా ఇంటి మీదా అలాంటిదొకటి ఉంది. మునిసిపాలిటీ వాళ్ళు పాస్ చేసిన ప్లానులో అది లేదు, టులెట్ బోర్డు మీద మాత్రం ఉంది.

ఆ బోర్డు కింద నాన్న ప్రత్యేకంగా రాయించిన ముక్క: "ఫ్యామిలీలకు మాత్రమే. సినిమావాళ్ళకు ఇవ్వబడదు." అందులో ఫ్యామిలీ పట్టాలంటే ఒకరు ట్యాంకు మీద పడుకోవాలి. ఇక రెండోది. అటు అన్నపూర్ణ స్టూడియో, ఇటు సారథీ స్టూడియో, నడిచివెళ్ళే దూరంలో కృష్ణానగర్, కాస్త ఎక్కితే ఫిల్మ్‌నగర్. వీటి మధ్య ఇల్లు కట్టుకుని సినిమావాళ్ళకి ఇవ్వనంటే, భీమవరంలో కాపురముంటూ రొయ్యల వాసన పడదన్నట్టే.

ఈ బాధ ఇక్కడ పుట్టిందేం కాదు. సినిమా మద్రాసులో ఉన్నప్పుడు వేషాల కోసం వచ్చినవాళ్ళు టీ నగర్, పాండీబజారు చుట్టుపక్కల ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకునేవాళ్ళు. 1976లో ఇక్కడ అన్నపూర్ణ మొదలైంది, పరిశ్రమ మెల్లమెల్లగా తరలివచ్చింది, అద్దెగదుల అవస్థ కూడా దాని సామాన్లలోనే దిగింది.

మా నాన్న ఇంటర్వ్యూ చూసి తీరాల్సిందే. ఆయన జన్మలో ఎవర్నీ కులం అడగలేదు. ఇంటిపేరు అడుగుతారు. ఊరు అడుగుతారు. ఆ ఊళ్ళో ఏ వీధి అని అడుగుతారు. నాలుగో ప్రశ్నతో పని పడదు. తర్వాత "నీచు వండుతారా?" అంటారు. ఆదివారం కోడికూర లేకపోతే మా ఇంట్లో తెల్లవారదు, అది వేరే సంగతి.

2014లో ఒకతను వచ్చాడు. "ఏం చేస్తుంటావు బాబూ?" "సాఫ్ట్‌వేరండీ." కంపెనీ పేరేదో చెప్పాడు. నాన్నకి అన్ని కంపెనీల పేర్లూ ఒకేలా వినిపిస్తాయి. రెండు నెలల అడ్వాన్సు తీసుకుని, పదకొండు నెలలకి అగ్రిమెంటు రాయించారు. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలని 1908 నాటి చట్టం. తెల్లదొర రాసిన చట్టానికి మన ఓనర్లు కనిపెట్టిన విరుగుడు ఆ పదకొండో నెల.

మూడో వారం, అర్ధరాత్రి, డాబా మీంచి "నిన్ను చంపి ఈ నూతిలోనే పూడుస్తాను" అని కేక. నాన్న చేతికర్ర తీసుకుని మెట్లెక్కారు, వెనక నేను. అతను ట్యాంకుకి ఎదురుగా నిలబడి, రెండు గొంతులతో సీను చెప్తున్నాడు. విలన్ ట్యాంకు. మమ్మల్ని చూసి బిగుసుకుపోయాడు. అసిస్టెంట్ డైరెక్టర్నని ఒప్పేసుకున్నాడు. నాన్న కర్ర గోడకి చేరేసి, తిరగేసిన బకెట్టు మీద కూర్చుని, "పూడ్చాడా మరి?" అన్నారు. ఇంటర్వెల్ అయ్యేసరికి రెండున్నర. పొద్దున్నే అమ్మ చేత అతనికి కాఫీ పంపించారు. బోర్డు మాత్రం తీయించలేదు. సూత్రం సూత్రమే.

రెండేళ్ళకి నేను అమెరికాలో పడ్డాను. న్యూయార్కులో అద్దెకి దిగాలంటే ఏడాది జీతం నెల అద్దెకి 40 రెట్లు చూపించమంటారు. అంత ఉంటే ఇల్లే కొనుక్కుంటాం కదా! నది దాటి జెర్సీ సిటీకి వచ్చాను. అక్కడ ఇంటిపేరు ఎవరూ అడగలేదు. క్రెడిట్ స్కోరు అడిగారు. అప్పు చేసిన చరిత్ర లేదు కాబట్టి ఇల్లివ్వలేమన్నారు. అప్పులేనివాణ్ణని నాన్న నన్ను ఊరంతా పొగిడేవారు!

చివరికి జర్నల్ స్క్వేర్ దగ్గర మనవాళ్ళ ఇంటి బేస్‌మెంటు దొరికింది. నలుగురం. ఉన్న ఒక్క కిటికీ పేవ్‌మెంటుతో సమానంగా ఉంటుంది, దాంట్లోంచి బూట్లు తప్ప మనిషి కనపడడు. ఆరు నెలల్లో వీధివాళ్ళందరినీ మడమల్ని బట్టి గుర్తుపట్టేవాణ్ణి. పోపు వేస్తే పొగ అలారం మోగేది. అందుకని ఒకడు గరిటె పట్టుకుంటే ఇంకొకడు అలారం కింద తువ్వాలు విసరాలి. ఇంగువ పడ్డ రోజున ఇద్దరు విసిరేవాళ్ళం.

ఆ ఇంటి ఓనరమ్మ మొదటిరోజు మెట్లు దిగివచ్చి, "బాబూ, మీ ఇంటిపేరేమిటి?" అంది. చెప్పాను. "ఊరు?" నాన్న పుట్టిన ఊరు చెప్పాను. "అక్కడ ఏ వీధి?" సుమారు ఎనిమిది వేల మైళ్ళు దాటి వచ్చినందుకు నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నాలుగో ప్రశ్న అడగలేదు. తాళంచెవి ఇచ్చింది.

రాత్రి తొమ్మిదిన్నరకి మా అసిస్టెంట్ డైరెక్టర్ వీడియో కాల్ చేసేవాడు. అక్కడ పొద్దున ఏడు. ట్యాంకు నిండిందో లేదో చూపించమనేది నాన్న, చూడాల్సింది నేను. ఎండ, గాలి, అమ్మ వేసిన మల్లెతీగ, దూరంగా గుడి మైకు. ఒకటో తారీఖున నా ఖాతాలో అద్దె వేసేవాడు. పెంట్‌హౌస్‌లో ఉండేవాడు కడుతున్నాడు, బేస్‌మెంటులో ఉండేవాడు పుచ్చుకుంటున్నాడు. ఆ డబ్బుతో జెర్సీలో నాకు వారం అద్దె కూడా గడిచేది కాదు.

ఇప్పుడు నేను తిరిగొచ్చేశాను. అతనికి పెళ్ళి కుదిరింది, వచ్చే నెల ఖాళీ చేస్తున్నాడు. కాబట్టి మనవి: గది ఉంది. బోర్డు చూసి వెనక్కి వెళ్ళకండి, బ్యాచిలర్లు రావచ్చు, సినిమావాళ్ళూ రావచ్చు. లిఫ్టు లేదు. మంజీరా నీళ్ళు రోజు విడిచి రోజు. మే నెలలో ట్యాంకు నీళ్ళు వాటంతటవే కాగుతాయి, గీజర్ అడగొద్దు. కథ ఉంటే క్లైమాక్స్ దాకా తయారుగా ఉంచుకోండి, నాన్న రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు. ఇంటిపేరు అడుగుతారు. మీకు తోచింది చెప్పండి.