అడ్డుతెర పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

ఈ పద్యానికి కర్తను నేనే, వ్యాఖ్యాతనూ నేనే. తన పద్యానికి తానే రాసుకొన్న వ్యాఖ్యను పెద్దలు స్వోపజ్ఞ వ్యాఖ్య అన్నారు. ఇంకొకరెవరూ రాయరని గట్టిగా తెలిసినప్పుడు ఇదే మేలు.

రచనాస్థలం మా మిద్దె. కాలం పొద్దున ఆరున్నర. ఎడమచేతిలో మిరప రెమ్మ, కుడిచేతిలో ఫోను. మిద్దె మీద పన్నెండు కుండీల్లో మిరప వేస్తే ఎనిమిదింటికి ఆకు ముడిచింది. మందేమిటో చూద్దామని మిద్దెతోటల వెబ్‌సైటు ఒకటి తెరిచాను. తరవాత జరిగింది మూలంలో ఉంది.

వ్యాఖ్య రాసేవాడు ముందుగా మల్లినాథసూరికి దండం పెట్టుకోవాలి. మెదక్ జిల్లా కొల్చారం ఆయన ఊరు. కాళిదాసు కావ్యాలకు సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష రాసిన మహానుభావుడు. మొదట్లోనే రెండు ఒట్లు పెట్టుకొన్నాడాయన: మూలంలో ఆధారం లేనిది రాయను, అక్కర లేనిది చెప్పను. మొదటి ఒట్టు నిలబెట్టడానికి నేనూ ప్రయత్నిస్తాను. రెండోది నావల్ల కాదు.

మూలం

మిరప ముడత తెగులు మేలు మందేదని
వెదకఁబోవ నడ్డు వేసెఁ దెరను;
మూయ నొక్కు గుర్తు మూలలో దాఁగెను;
వేలు వేయఁ దెఱచె వేఱు కొట్టు.

ఛందస్సు ఆటవెలది. కందంలో చెబుదామనుకొన్నాను గాని, ఒక్క క్షణం కుదురుగా నిలవక గెంతే బొమ్మను గురించి చెప్పడానికి ఆటవెలదే తగింది. మూడో పాదంలో ‘మూ’కు ‘మూ’, నాలుగో పాదంలో ‘వే’కు ‘వే’ యతి వేయడం చేతకానితనమని గిట్టనివాళ్లు అంటారు. అననివ్వండి.

టీక

మిరప = మిరప మొక్కయొక్క; ముడత తెగులు = ఆకులు ముడుచుకొనిపోవు తెగులునకు; మేలు మందు ఏది అని = మంచి మందు యేదియోయని; వెదకన్ పోవన్ = వెదకుటకు పూనుకొనగా; అడ్డు = చదువుచున్న దానికి అడ్డముగా; తెరను వేసెన్ = తెరను దించెను; మూయన్ = దానిని మూయుటకు; నొక్కు గుర్తు = నొక్కవలసిన గుర్తు; మూలలో దాఁగెను = ఒక కొసన నక్కెను; వేలు వేయన్ = దానిపై వేలు మోపగా; వేఱు కొట్టు = మరియొక అంగడిని; తెఱచెన్ = తెరిచెను.

వివరణ

‘ముడత’ అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. నేను అడిగింది ఆకు ముడత. తెర మీద దిగింది ముఖం ముడతలు పోగొట్టే క్రీము. ఏడు రోజుల్లో ముడతలు మాయమట. మాట ఒకటే, మొక్క వేరు, మొహం వేరు. ఆలంకారికులు శబ్దానికి అభిధ, లక్షణ, వ్యంజన అని మూడు శక్తులు చెప్పారు. ప్రకటన యంత్రానికి మొదటిదే సగం తెలుసు. అరవై నాలుగేళ్ల నా ముఖాన్ని ఫోను కెమెరా చూసిందేమో, అంతా తెలిసే వేశారేమో అని మా ఇంట్లో ఒక పక్షం వాదించింది. ఆ పక్షాన్ని ఇక్కడ ఖండించడం లేదు, ఉపేక్షిస్తున్నాను.

‘వేసెఁ దెరను’. వేసిందెవరు? పద్యంలో కర్త లేడు. ఇది దోషమని పట్టుకొనేవారికి నా సమాధానం: నేనూ వెతికాను, దొరకలేదు. సైటు నడిపేవాణ్ణి అడిగితే తన పుటలో ఖాళీ చోటు అద్దెకిచ్చానంతే, అందులో ఏ బొమ్మ పడుతుందో తనకు తెలియదంటాడు. నిజమే, తెలియదు. మనం పుట తెరవగానే ఆ ఖాళీ చోటు వేలానికి వెళుతుంది. ఎవరు చూస్తున్నారు, ఏ ఊరివాడు, ఏ ఫోను, నిన్న ఏం కొన్నాడు అన్న వివరాలు అందినంతమేర పాటగాళ్ల ముందు పెడతారు. పాటగాళ్లూ యంత్రాలే. అంతా సుమారు సెకనులో పదో వంతులో ముగుస్తుంది. మిరపకాయ విషయం కాబట్టి గుంటూరు యార్డుతో పోలుద్దాం. అక్కడ రైతు బస్తా పక్కనే నిలబడతాడు. ఎవరు పాడారో, క్వింటాకు ఎంత పలికిందో, కమీషన్ ఎంత పోయిందో అతనికి తెలుస్తుంది, నచ్చకపోతే దెబ్బలాడతాడు. ఈ వేలంలో బస్తాను నేనే. నా ధర నాకు చెప్పరు. వ్యాకరణం ప్రకారం ‘నేను’ కర్త అనుకొని ఫోను తెరుస్తాం, నిజానికి అది కర్మ. కర్త వేలంపాటలో అంతర్ధానమయ్యాడు కనుకనే పద్యంలోనూ లేడు.

ఇక ‘తెర’. మన పెళ్లిళ్లలోనూ అడ్డుతెర ఉంది. జీలకర్ర బెల్లం పెట్టే ముహూర్తానికి దాన్ని తీసేస్తారు, అవతల పెళ్లికూతురు కనబడుతుంది. ఈ తెరకూ ముహూర్తం ఉంది: కొసన 5, 4, 3 అని అంకెలు దిగుతుంటాయి. ముహూర్తం వచ్చి తెర తొలిగితే అవతల ఇంకో తెర.

ఈ వంశచరిత్ర ఎంతో పాతది కాదు. మొదటి పట్టీ ప్రకటన 1994 అక్టోబరు 27న హాట్‌వైర్డ్ అనే అమెరికా వెబ్ పత్రికలో పడింది. వేసింది ఏటీ అండ్ టీ. అది బుద్ధిమంతురాలు, పుటలో తన చోట తాను కూర్చునేది. మీదికెక్కి కూర్చునే రకం ఆ తరవాత 1990ల చివర్లో పుట్టింది. ట్రైపాడ్ అనే సైటులో పనిచేసిన ఈథన్ జుకర్‌మన్ దాని కోడ్ రాశాడు. ఒక కార్ల కంపెనీ ప్రకటన పడకూడని పుట మీద పడి, వాళ్లు గోల చేస్తే, ప్రకటనను పుటకు అంటకుండా విడి కిటికీలో చూపిద్దామని చేసిన ఉపాయమది. అంటే అంటుముట్టు కోసం పుట్టిన మడి కిటికీ అన్నమాట. 2014లో ఆయన అట్లాంటిక్ పత్రికలో వ్యాసం రాసి లోకానికి క్షమాపణ చెప్పుకొన్నాడు. ఆ వ్యాసాన్ని ఇంటర్నెట్‌లో చదవబోతే ఏమవుతుందో పాఠకులు ఊహించుకోవచ్చు.

‘మూయ నొక్కు గుర్తు’. జనం దీన్ని ఇంటూ గుర్తు అంటారు. కవి ‘మూలలో’ అని ఊరుకొన్నాడు గాని ఏ మూలో చెప్పలేదు. ఎందుకంటే మూలలు నాలుగు, గుర్తు ఏనాడూ నిన్నటి మూలలో ఉండదు. రంగు బూడిద, నేపథ్యమూ బూడిదే. పరిమాణం ఆవగింజంత, నా బొటనవేలు మినపవడంత. ఒకరోజు ఎంత నొక్కినా కదలకపోతే మా మనవరాలు ఫోను లాక్కొని చూసి, “తాతయ్యా, అది ఇంటూ కాదు, ఇంటూ బొమ్మ” అంది. అసలు గుర్తు అడుగున, ఇంకొంచెం చిన్నదిగా ఉంది. భ్రాంతిమదలంకారానికి తాడూ పామూ ఉదాహరణగా చెప్పుకొంటూ వచ్చాం. ఇకమీద అలంకారశాస్త్రం బోధించేవారు ఈ ఉదాహరణ కూడా చేర్చుకోవచ్చు.

నాలుగో పాదానికి నాకన్నా ముందే భారత ప్రభుత్వం వ్యాఖ్య రాసింది. ఇది అతిశయోక్తి కాదు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, 2019 నాటి చట్టం కింద, డార్క్ ప్యాటర్న్‌ల మీద మార్గదర్శకాలు ప్రకటించింది. కొనేవాడి కళ్లు కప్పే పద్ధతులు 13 అని లెక్కకట్టి, ఒక్కొక్కదానికీ నిర్వచనమిచ్చి ఉదాహరణలూ చేర్చారు. లక్షణమూ లక్ష్యమూ జోడించిన శాస్త్రపద్ధతే. వాటిలో ఇంటర్‌ఫేస్ ఇంటర్‌ఫియరెన్స్ అనే దాని కింద, తెర కుడిపై కొసన ఉన్న ఇంటూ గుర్తు నొక్కితే మూతపడకుండా ఇంకో ప్రకటన తెరుచుకోవడమని ఉదాహరణ ఉంది. సాక్షాత్తు నా పద్యమే. వార్తలాగా వేషం కట్టిన ప్రకటన అదే జాబితాలో ఇంకొకటి. ఫిర్యాదు చెప్పుకొనే ఫోను నంబరు 1915.

‘వేఱు కొట్టు’లో శ్లేష ఉంది. శకటరేఫంతో ‘వేఱు’ అంటే మరొకటి, ‘కొట్టు’ అంటే అంగడి. సాధురేఫంతో ‘వేరు’ అంటే చెట్టు వేరు, ‘కొట్టు’ అంటే నరకడం. చాదస్తులు ఈ రెండు రేఫలకూ సాంకర్యం ఒప్పుకోరు. కానీ అచ్చువాళ్లు శకటరేఫాన్ని ఎప్పుడో అటకెక్కించారు కాబట్టి మీ చేతికొచ్చే ప్రతిలో ‘వేరు కొట్టు’ అనే పాఠాంతరం ఉండొచ్చు. అదీ మంచి పాఠమే. ప్రకటనలకు జడిసి జనం రావడం మానేస్తే సైటు వేరు కొట్టినట్టే కదా.

రసం గురించి రెండు ముక్కలు. మొదటి పాదంలో మిరప మీద కరుణ, రెండో పాదంలో అద్భుతం, మూడో పాదంలో వీరం, నాలుగో పాదంలో రౌద్రం. శృంగారం ఆ కొత్త కొట్టులో ఉంది గాని పక్కన మనవరాలు ఉండగా వివరించలేను.

పూర్వపక్షం

“ప్రకటనలు లేకపోతే సైటు ఎలా నడుస్తుందండీ?” అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్న. కుండీ మట్టిలో ఎరువెంత, పురుగేమిటి అని ఫొటోలు తీసి ఓపిగ్గా రాసి పెట్టినవాడికి సర్వర్ అద్దె ఎవరిస్తారు? తెలుగువాళ్లం ప్రకటనల ఉప్పు తిననివాళ్లం కాము. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. 1908లో అక్కడే ఆంధ్రపత్రిక పెట్టారు. తలనొప్పి మందు మీద వచ్చిన డబ్బు పత్రికకూ, ఆ తరవాత భారతి మాసపత్రికకూ అన్నం పెట్టింది. ఇప్పటి ప్రకటనలకూ తలనొప్పికీ సంబంధం ఉంది గాని క్రమం తిరగబడింది.

ఇంకా వెనక్కి వెళితే శ్రీనాథుడు. హరవిలాసం అంకితం పుచ్చుకొన్న అవచి తిప్పయ్య సెట్టి సుగంధద్రవ్యాల వర్తకుడు. సెట్టిగారి కుటుంబం ఏ దీవి నుంచి ఏం తెప్పించేదో, కర్పూరమూ కస్తూరీ చీనీ పట్టూ ఎక్కడెక్కడి నుంచి ఓడల్లో దిగేవో అవతారికలో ఉంది. అది ప్రకటనే, ఎవరూ కాదనలేరు. చక్కని ప్రకటన కూడా. కానీ దాని చోటు అవతారిక. తరవాత షష్ఠ్యంతాలు, ఆశ్వాసం మొదట్లో చివర్లో ఒక్కొక్క పలకరింపు. అంతటితో సెట్టిగారు మర్యాదగా పక్కకు జరుగుతారు, కథ మొదలవుతుంది. శివుడు హాలాహలం నోట్లో వేసుకొనే ఘట్టంలో, గుటక పడేలోగా, కర్పూరం ధర చెప్పడానికి తిప్పయ్య సెట్టి అడ్డం రాడు. వర్తకుడికి ఆ మాత్రం రసజ్ఞత ఉంది, కవికి ఆ మాత్రం పౌరుషం ఉంది. కృతిభర్తను ఎక్కడ కూర్చోబెట్టాలో మన కావ్యాలకు వందల ఏళ్ల కిందటే తెలుసు. విత్తనాల కొట్టువాడు తన బొమ్మ వ్యాసం పక్కన పెట్టి ఇది ప్రకటన అని రాసుకొంటే నేను చూస్తాను, కొంటాను కూడా. మిద్దెతోటల సైటులో వేపనూనె ప్రకటన అడ్డు అని ఎవడంటాడు?

ఉత్తరపక్షంగా పాశ్చాత్య స్మృతులూ ఉన్నాయి. ఫోనులో పుటను కప్పే తెరలు వేసే సైట్లను వెదుకులాట ఫలితాల్లో కిందికి నెట్టడం గూగుల్ 2017 జనవరిలో మొదలుపెట్టింది. 2018 ఫిబ్రవరి 15 నుంచి క్రోమ్ మరీ మితిమీరినవాటిని తానే ఆపుతోంది. క్రోమ్ పాటించే ధర్మసూత్రాల ప్రకారం ఫోనులో వ్యాసం నిడివిలో ప్రకటనల వాటా 30 శాతం దాటితే దోషం. ప్రకటనలు అమ్మేవాడే ప్రకటనలకు ధర్మం చెప్పడం మీద వ్యాఖ్య అనవసరం.

చికిత్స మాటకొస్తే, నేను ఫైర్‌ఫాక్స్‌లో ప్రకటనలను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ వేసుకొన్నాను. బ్రౌజర్‌లో రీడర్ మోడ్ అనేది ఉంటే చాలాచోట్ల అదీ చాలు, అక్షరాలు మాత్రం మిగులుతాయి. పాపభీతి లేకపోలేదు. సైటువాడి నోటి దగ్గరి కూడు తీస్తున్నానని తెలుసు. ఏడాదికి ఐదొందలు చందా ఇద్దామని చెల్లింపు బొత్తం కోసం పుట అడుగు దాకా వెళ్లాను. బొత్తం లేదు, తెర ఉంది. సైట్లు నడిపే తోటప్రియులకు నా మనవి ఒకటే: ఒక క్యూఆర్ కోడ్ పెట్టండి, తెర తీసేయండి.

తాత్పర్యం

ఓ పాఠకుడా! ఒకానొక వృద్ధుడు తన మిరప మొక్కలకు తెగులు సోకగా, మందు తెలియగోరి ఫోను తెరిచెను. వానికి మందుకు మారుగా ముఖలేపనము చూపబడెను. దానిని తొలగింపబోయి వాడు మరియొక అంగడిలో పడెను అని భావము.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యాత కూడా ఇంతసేపూ అడ్డుతెరే వేశాడు కాబట్టి, దాని వెనక దొరికింది చెప్పేస్తున్నాను. మిరప ఆకు అంచులు పైకి ముడిచి పడవలా ఉంటే అది తామర పురుగు. కిందికి ముడిచి తిరగేసిన పడవలా ఉంటే నల్లి. ఆకులు చిన్నవై గుబురుకట్టి, మొక్క గిడసబారి, చుట్టూ తెల్లదోమ ఎగురుతుంటే అది వైరస్, ఆ మొక్కను పీకి దూరంగా పారేయాలి. తామర పురుగుకు నీలం జిగురు అట్ట, తెల్లదోమకు పసుపు జిగురు అట్ట. నల్లికైతే నీళ్లలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, ఎండ తగ్గాక. మొదట్లోనే చూసుకొంటే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగు తడిసేలా కొట్టండి. మావి ఎనిమిదింటిలో ఆరు బతికాయి.