యముడికి హెల్మెట్ మినహాయింపు

జనవరి వచ్చిందంటే మన కూడళ్లలో యమధర్మరాజు దిగుతాడు. సంక్రాంతికి గంగిరెద్దులవాళ్లు ఎంత కచ్చితంగా వస్తారో ఈయనా అంతే. నల్ల పంచె, అట్ట కిరీటం, థర్మకోల్ గద, పక్కన రిజిస్టరు పట్టుకున్న చిత్రగుప్తుడు. సిగ్నల్ దగ్గర ఆగిన హెల్మెట్ లేని కుర్రాడి మెడలో పాశం వేసి, ‘నీ టైమైపోయింది నాయనా’ అంటాడు. కుర్రాడు భయపడడు. ఫోన్ తీసి సెల్ఫీ దిగుతాడు. అప్పుడు సీఐ గారు వచ్చి గులాబీ పువ్వు ఇస్తారు. ‘సార్, ఇంకోసారి ఇవ్వండి, పువ్వు పడలేదు’ అంటాడు ఫొటోగ్రాఫరు. మళ్లీ ఇస్తారు. గ్రీన్ పడుతుంది. కుర్రాడు పువ్వుని అద్దానికి గుచ్చి, బోడి తలతోనే బండి లాగించేస్తాడు.

ప్రోగ్రాం అయ్యాక యముడూ చిత్రగుప్తుడూ ఒకే బండి మీద టిఫిన్‌కి బయల్దేరతారు. కిరీటం మీద హెల్మెట్ పట్టదు కదా. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను తలపాగా చుట్టుకున్న సిక్కులకి మినహాయింపు ఇచ్చింది గానీ, కిరీటం సంగతి మర్చిపోయింది. అయినా ఆయన్ని ఆపేదెవరు? దారిలో ఏదన్నా జరిగినా, తీసుకెళ్లడానికి పైనుంచి వేరే ఎవరూ రానక్కర్లేదు.

ఈ రోడ్డు భద్రతా వారోత్సవాల తంతు మూడు దశాబ్దాలకి పైగా నడుస్తోంది. మొదట్లో వారం రోజులు చేసేవారు. వారం చాలలేదని 2021లో నెల చేశారు. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. మరుసటి ఏడు ఆ లెక్క 1.72 లక్షలు దాటింది. ఈ ఊపు చూస్తే త్వరలో రోడ్డు భద్రతా సంవత్సరోత్సవం చేసుకోవాలేమో. 2022లో పోయినవాళ్లలో తలకి హెల్మెట్ లేనివాళ్లే 50,029 మంది. అంతర్జాతీయ సమావేశాల్లో మన ప్రమాదాల ప్రస్తావన వస్తే ముఖం దాచుకోవాల్సి వస్తోందని కేంద్రమంత్రి గడ్కరీ 2024 డిసెంబరులో లోక్‌సభలోనే చెప్పుకున్నారు. ముఖం దాచుకోవడానికైనా సరే, ఫుల్ ఫేస్ హెల్మెట్ మంచిదే.

ప్రతి సభలోనూ మైకు అందుకున్న ప్రతి అధికారీ అనేది ఒకటే: ‘ప్రజల్లో అవగాహన లేదు.’ ఇంత అన్యాయమైన మాట ఇంకోటి లేదు. మన జనానికి అవగాహన లేదా?

ఏ పట్నంలోనైనా పొద్దున పదిగంటలప్పుడు రోడ్డు పక్కన నిలబడి చూడండి. ఎదురుగా వచ్చే బండివాడు, ఎవరో ఏమిటో తెలీనివాడు, అరచేత్తో నెత్తి మీద రెండుసార్లు తట్టుకుంటాడు. అంతే. ఇటు వెళ్లేవాళ్లందరికీ అర్థమైపోతుంది, మలుపులో చెకింగ్ ఉందని. ట్యాంకు మీదున్న హెల్మెట్, మోచేతికి వేలాడే హెల్మెట్, అద్దానికి తగిలించిన హెల్మెట్ అన్నీ టకటకా నెత్తికెక్కుతాయి. స్ట్రాప్ మాత్రం పెట్టరు. వంద గజాలు దాటాక తీసెయ్యాలిగా, మళ్లీ ఆ శ్రమెందుకు? హెల్మెట్ లేనివాడైతే వెనక కూచున్న చెల్లెలితో ‘చున్నీ వెయ్యి’ అంటాడు. ఆ పిల్ల వెనక్కి వంగి నంబరు ప్లేటు మీద చున్నీ కప్పుతుంది. తల పోయినా పర్లేదు, నంబరు మాత్రం కెమెరాకి పడకూడదు. ఇక శనివారం రాత్రి ఏ ఫ్లైఓవర్ కింద బ్రీత్ ఎనలైజర్ పెట్టారో, ఏ గల్లీలోంచి తప్పుకోవచ్చో వాట్సాప్ గ్రూపులో నిమిషాల మీద వచ్చేస్తుంది. ఒక జీవో లేదు, బడ్జెట్ లేదు, నోడల్ అధికారి లేడు. ఇంత పకడ్బందీ ప్రజాచైతన్య కార్యక్రమం ఏ శాఖైనా నడిపిందా చెప్పండి! జనానికి పోలీసు మీద ఉన్న అవగాహన సంపూర్ణం. చావు మీదే కాస్త తక్కువ, ఎందుకంటే అది చలానా రాయదు.

రాసే చలానాకైనా విలువుందా అంటే, దానికీ ఆషాఢం సేల్ పెట్టారు. తెలంగాణలో 2022 మార్చిలో పెండింగ్ చలాన్ల మీద బైకులకి 75 శాతం తగ్గింపు. ఠంచనుగా కట్టినవాడు ఎర్రిబాగులోడు, కట్టకుండా కూచున్నవాడు తెలివైనవాడు అని తేలిపోయింది. 2023 డిసెంబరులో మళ్లీ పెట్టి, ఈసారి బైకులకి 80 శాతం, ఆర్టీసీ బస్సులకి ఏకంగా 90 శాతం అన్నారు. గడువు పొడిగించారు, ఇంకోసారి పొడిగించారు. తప్పు చేసి ఓపిక పడితే లాభం అని ఇంత స్పష్టంగా చెప్పిన ప్రచారం నేనైతే చూళ్లేదు. దీనికి యముడి వేషం కూడా అవసరం పడలేదు.

మీమ్‌ల విషయంలో మాత్రం మన పోలీసుల్ని మెచ్చుకోవాల్సిందే. 2024 మొదట్లో రోడ్డు పక్క భోజనాలు అమ్మే ఆవిడ బిల్లు చెప్పే మాట ఒకటి ఊరంతా మారుమోగితే, దాన్నే పట్టుకుని ఫోన్ మాట్లాడుతూ బండి నడిపినవాడికి ‘మీది మొత్తం థౌజండ్ అయ్యింది, యూజర్ చార్జెస్ ఎక్స్‌ట్రా’ అని పోస్టు పెట్టారు. అందరూ పడీ పడీ నవ్వారు. కొందరు బండి నడుపుతూనే చూసి నవ్వారు.

నిజంగా ప్రచారం కావలసిన సంగతి ఒకటుంది, దాన్ని మాత్రం ఎవరూ ఎత్తరు. ప్రమాదంలో పడ్డవాణ్ని ఆసుపత్రికి చేర్చినవాణ్ని పేరు చెప్పమని, ఊరు చెప్పమని బలవంతపెట్టడానికి వీల్లేదు. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో 134ఎ సెక్షను వచ్చింది, 2020లో రూల్సు వచ్చాయి. ఆ హక్కులన్నీ ప్రతి ఆసుపత్రీ గుమ్మం దగ్గర స్థానిక భాషలో బోర్డు పెట్టి చూపించాలి. ఈసారి వెళ్లినప్పుడు వెతకండి. ‘చెప్పులు బయట విడువవలెను’ కనిపిస్తుంది, ‘అడ్వాన్స్ కౌంటర్’ రాత్రి పూట కూడా వెలుగుతుంటుంది. మూడోది కనిపిస్తే అదృష్టవంతులే. సాయం చేసినవాడికి కేంద్రం ఇచ్చే బహుమతి 5 వేల నుంచి 25 వేలైందని కూడా చాలామందికి తెలీదు. అందుకే దెబ్బ తగిలినవాడి చుట్టూ ఇరవై మంది నిలబడి ‘ఎందుకొచ్చిన గొడవ, రేపు స్టేషన్ చుట్టూ తిప్పుతారు’ అనుకుంటూ వీడియో తీస్తారు.

ఇంకో జాతి ఉంది. వీళ్లకి గులాబీలివ్వరు, వీళ్ల చేత ప్రతిజ్ఞ చేయించరు. రోడ్డు వేసినవాళ్లు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో పెద్దకుంట అనే తండా ఉంది. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే రహదారికి బైపాస్ వేశాక తండా ఒకవైపు మిగిలింది, పనులూ ఆఫీసులూ అవతలివైపు. రోడ్డు దాటబోయి మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు పోయారు. చివరికి పత్రికలు దానికి ‘వితంతువుల ఊరు’ అని పేరు పెట్టాయి. అక్కడికెళ్లి ఏ కరపత్రం పంచుతారు? ‘రోడ్డు దాటేటప్పుడు ఇరువైపులా చూడుము’ అనా? అలాంటి ఊరికి కావలసింది కిందనుంచి ఒక దారి, లేదా పైనుంచి ఒక వంతెన. దానికి సిమెంటు కావాలి. ఫ్లెక్సీకి సిమెంటు అక్కర్లేదు కాబట్టి మనకి ఫ్లెక్సీలొస్తాయి.

లైటు లేని యూటర్న్, రిఫ్లెక్టర్ లేని డివైడర్, రాత్రికి రాత్రి పుట్టి తెల్లారేలోగా ఒకణ్ని పొట్టన పెట్టుకున్న స్పీడ్ బ్రేకర్... కేసు మాత్రం ‘అతివేగం, అజాగ్రత్త’ అనే రాస్తారు. పోయినవాడు వచ్చి కాదనడు కదా. అదే 2019 సవరణలో 198ఎ అని ఇంకో సెక్షనుంది. రోడ్డు డిజైను, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాల ప్రకారం లేక మనిషి చనిపోతే బాధ్యులైన అధికారి, కన్సల్టెంటు, కాంట్రాక్టరు ఎవరైనా సరే లక్ష రూపాయల దాకా జరిమానా కట్టాలి. ఆ సెక్షను కింద జరిమానా కట్టిన ఇంజినీరు గానీ కాంట్రాక్టరు గానీ మీ జిల్లాలో ఎవరైనా ఉంటే దయచేసి నాకో కబురు పంపండి. వచ్చే జనవరి ర్యాలీకి ముఖ్య అతిథిగా ఆయన్నే పిలుద్దాం.