నేనొక బ్యాకప్ టేపుని

నా పుట్టుపేరు ఎల్‌టీఓ-7. అరచేతిలో ఇమిడే చదరపు ప్లాస్టిక్ డబ్బా, అందులో అర అంగుళం వెడల్పుతో 960 మీటర్ల టేపు, ఒక మూల చిన్న చిప్పు. ఇంతే నేను. నాలో 6 టెరాబైట్ల సమాచారం పడుతుంది. టెక్సాస్‌లో, డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఒక స్కూల్ డిస్ట్రిక్ట్‌లో నా కొలువు. తెలుగునాట ప్రభుత్వ బడులు విద్యాశాఖ కింద నడుస్తాయి. ఇక్కడ స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే దానికదే ఓ చిన్న ప్రభుత్వం. ఎన్నికైన బోర్డు, సొంతంగా వేసే ఆస్తి పన్ను, సొంత బస్సులు, సొంత వంటశాలలు.

వారానికోసారి ఈ డిస్ట్రిక్ట్ బతుకంతా నాలోకి ఎక్కుతుంది. పిల్లల మార్కులు, హాజరు, టీకాల వివరాలు, ఏ పిల్లాడికి వేరుశెనగ పడదో, ఏ పిల్లను ఎవరితో ఇంటికి పంపకూడదని కోర్టు చెప్పిందో, ఏ బస్సు ఏ మలుపులో ఆగాలో, టీచర్ల జీతాలు, భోజనం ఖాతాలు. రాయడం పూర్తయ్యాక ఇక్కడి సిస్టమ్స్ ఇంజనీరు నన్ను డ్రైవులోంచి తీసి, అంచున ఉన్న చిన్న మీటను గోటితో పక్కకు జరుపుతుంది. దాన్ని మళ్లీ వెనక్కి జరిపేదాకా ఏ డ్రైవూ నా మీద రాయదు, నన్ను చెరపదు. లేబుల్ మీద తేదీ వేసి, ఫోమ్ పరిచిన పెట్టెలో సర్ది, ఊరికి అటువైపున్న మరో భవనానికి కారులో తీసుకెళ్లి, మంటలకు తట్టుకునే బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. ఆ బీరువాలోకి ఏ తీగా రాదు. నా విలువంతా అక్కడే ఉంది. నెట్‌వర్క్‌లోకి చొరబడ్డవాడు దేన్నైనా ముట్టుకోగలడు గానీ నన్ను ముట్టుకోలేడు.

ఆమె తెనాలి నుంచి వచ్చింది. వాళ్ల నాన్న రిటైరైన హెడ్మాస్టరు. కారులో స్పీకర్ ఫోనులో మాట్లాడుకుంటుంటే విన్నాను.

"స్కూల్లో దొంగలకు ఏం దొరుకుతుంది తల్లీ?"

"పిల్లల సోషల్ సెక్యూరిటీ నంబర్లు నాన్నా. ఆరేళ్ల పిల్లాడి పేరున ఎవడైనా అప్పు తీసుకుంటే, వాడు పెద్దయి కాలేజీకి లోను అడిగేదాకా బయటపడదు. అదీ గాక, బడి మూతపడితే ఊరంతా గగ్గోలు పెడుతుంది కదా. ఆ ఒత్తిడికి డబ్బు కట్టేస్తారని వాళ్ల ఆశ."

ఆయన కాసేపు ఏమీ అనలేదు. "మా రోజుల్లో అడ్మిషన్ రిజిస్టరు బీరువాలో పెట్టి తాళంచెవి జేబులో వేసుకునేవాణ్ణి."

"ఇప్పుడు నేను వెళ్తున్నదీ ఆ బీరువా దగ్గరికే నాన్నా."

ఈ భయం ఊహ కాదు. 2022 సెప్టెంబరులో, లేబర్ డే సెలవుల్లో, దేశంలోనే రెండో పెద్దదైన లాస్ ఏంజెలెస్ యూనిఫైడ్ డిస్ట్రిక్ట్ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. వైస్ సొసైటీ అనే ముఠా ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. బడులు మంగళవారం తెరుచుకున్నాయి. కానీ ఆరు లక్షల మందికి పైగా పాస్‌వర్డులు మార్చుకోవాల్సి వచ్చింది. డిస్ట్రిక్ట్ పైసా కట్టనంది. అక్టోబరు మొదట్లో ముఠా దొంగిలించినదాన్ని బయటపెట్టేసింది. సెలవురోజులే ఎందుకంటే, ఆఫీసులో మనుషులుండరు. ఇలాంటి ముఠాలు లోపలికి రాగానే చేసే మొదటి పనుల్లో ఒకటి బ్యాకప్‌లు ఎక్కడున్నాయో వెతికి చెరిపేయడం. తాళం వేయడం ఆ తర్వాతే.

మా డిస్ట్రిక్ట్‌లో అప్పటికి పరిస్థితి ఏమంత మెరుగ్గా లేదు. క్లాసుల్లో పెద్ద టచ్ స్క్రీన్లు, ప్రతి పిల్లకీ ఒక క్రోమ్‌బుక్. వాటిని నడిపే స్విచ్చులు మాత్రం చీపుర్లు పెట్టే గదిలో, దుమ్ము కొట్టుకుపోయి, అరిగిన ఫ్యాన్లతో కీచుమంటూ ఉండేవి. మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబరుతో విండోస్ సర్వర్ 2012కు మరమ్మతులు ఆపేస్తుందని తెలిసినా, మా భోజనం లెక్కలు దాని మీదే నడిచేవి. అన్నిటికన్నా ప్రమాదం ఇంకొకటి: సీసీ కెమెరాలు, ఏసీ కంట్రోళ్లు, తలుపు తాళాలు, పిల్లల ల్యాప్‌టాప్‌లు, జీతాల సర్వరు అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో, మధ్యలో ఏ అడ్డూ లేకుండా. ఎక్కడో జిమ్‌లో ఉన్న పాత కెమెరా పాస్‌వర్డు దొరికితే చాలు, అక్కడి నుంచి జీతాల దాకా దారి ఉన్నట్టే. ఉద్యోగం మానేసి వెళ్లినవాళ్ల ఖాతాలు కూడా ఇంకా తెరిచే ఉండేవి.

డబ్బు సంగతి చెప్పాలి, ఎందుకంటే చిక్కంతా అక్కడే ఉంది. 1996 టెలికాం చట్టం నుంచి పుట్టిన ఈ-రేట్ పథకం బడుల ఇంటర్నెట్ ఖర్చులో 20 నుంచి 90 శాతం దాకా భరిస్తుంది. పేద పిల్లలు ఎక్కువున్న చోట ఎక్కువ. లోపలి వైఫై, స్విచ్చులకూ ఇస్తుంది. కానీ ఆ పథకం లెక్కలో భద్రత అంటే మామూలు ఫైర్‌వాల్ మాత్రమే. దాడిని పసిగట్టే పరికరాలు, పాస్‌వర్డుకు తోడుగా అడిగే రెండో ధ్రువీకరణ, బ్యాకప్ దాని కిందికి రావు. అంటే రోడ్డు వేయడానికి డబ్బుంది, కాపలాకు లేదు. 2024 జూన్‌లో అమెరికా సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ మూడేళ్ల సైబర్ భద్రత ప్రయోగానికి 20 కోట్ల డాలర్లు కేటాయిస్తే, బడులూ గ్రంథాలయాలూ కలిసి అడిగింది 370 కోట్లు. అవసరానికీ అందుతున్నదానికీ ఉన్న దూరం ఆ రెండు అంకెల్లోనే కనిపిస్తుంది. అడిగినవాళ్లలో చాలామంది ఉత్తచేతులతో మిగిలారు.

టెక్సాస్‌లో 2019లో వచ్చిన చట్టం ప్రతి డిస్ట్రిక్ట్‌కూ ఒక సైబర్ భద్రత విధానం, దానికి బాధ్యుడైన ఒక కోఆర్డినేటర్ ఉండాలంది. మంచిదే. కానీ చట్టం మనిషిని పెట్టమన్నంత తేలిగ్గా జీతం ఇవ్వదు. బాండ్ల ద్వారా అప్పు తెద్దామంటే, అదే ఏడాది వచ్చిన మరో మార్పు ప్రకారం కంప్యూటర్ పరికరాల కొనుగోలును బ్యాలెట్ మీద విడిగా, వేరే అంశంగా ఓటర్ల ముందు పెట్టాలి. పైన పెద్ద అక్షరాల్లో ఇది ఆస్తి పన్ను పెంపు అని రాసి ఉంటుంది. కొత్త తరగతి గది ఎలా ఉంటుందో ఓటరుకు బొమ్మ చూపించొచ్చు. జరగని దాడికి బొమ్మ గీయలేం.

ఎలాగోలా డబ్బు సమకూరింది. బడికి సెలవులున్న వేసవిలో పని మొదలైంది. చీపుర్ల గదుల్లోంచి స్విచ్చులు తీసి, తాళమూ చల్లగాలీ ఉన్న గదుల్లోకి మార్చారు. నెట్‌వర్క్‌ను ముక్కలు చేశారు: కెమెరాలకొకటి, పిల్లలకొకటి, ఆఫీసుకొకటి, మధ్యలో ఫైర్‌వాల్. పాత ఖాతాలు మూసేశారు. రెండో ధ్రువీకరణ పెట్టినప్పుడు టీచర్ల నుంచి అభ్యంతరం వచ్చింది. క్లాసులో పిల్లల్ని ఫోను తీయొద్దని చెప్పే మేము, రోజూ పొద్దున్నే వాళ్ల ముందు ఫోను తీయాలా అన్నారు. న్యాయమైన మాటే. తాళంచెవుల గుత్తికి తగిలించుకునే చిన్న యూఎస్‌బీ కీలు ఇచ్చారు, గొడవ తీరిపోయింది. భద్రత మనుషుల పనికి అడ్డొస్తే మనుషులు దాన్ని తప్పించుకునే దారి వెతుక్కుంటారు. ఆమెకు అది తెలుసు, అందుకే ముందు టీచర్లను అడిగి ఆ తర్వాత కొనేది.

ఈ హడావుడిలోనే నన్ను తీసేద్దామన్నారు. టేపు పాతకాలపుది, అంతా క్లౌడ్‌లో పెడదామన్నాడు సలహాదారు. ఆమె క్లౌడ్‌ను కాదనలేదు. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాల మీద, ఒకటి వేరే చోట ఉండాలన్న సూత్రాన్ని బోర్డు మీద రాసి, ఆ మూడింట్లో ఒకటి తీగకు అందకుండా ఉండి తీరాలంది. ఒక అడ్మిన్ పాస్‌వర్డుతో మూడు ప్రతులూ చెరిగిపోయే వీలుంటే, అవి మూడు కాదు ఒక్కటే అంది. ఆమె మాటే నెగ్గింది.

ఇక అసలు పరీక్ష. సర్వర్లన్నీ పోయాయనుకుని, ఇంటర్నెట్ లేని ఒక గదిలో ఖాళీ యంత్రం పెట్టి నన్ను డ్రైవులో వేశారు. లోపలికి వెళ్లగానే నా టేపు కొస పట్టుకుని డ్రైవు చుట్టుకోవడం మొదలుపెట్టింది. అంతలో తెర మీద ఒక పెట్టె తెరుచుకుంది: ఎన్‌క్రిప్షన్ కీ ఇవ్వండి. నా మీద రాసినదంతా సంకేతాల్లో ఉంటుంది. నేను ఎవరి చేతిలోనైనా పడ్డా చదవకుండా ఉండాలని ఆ ఏర్పాటు. ఆ కీ ఎక్కడుంది? పోయిందనుకున్న సర్వరులో. గదిలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్లుగా వారం వారం రాస్తున్నారు, ఇన్నేళ్లుగా నేను నిండుతున్నాను. దాడి నిజంగా జరిగి ఉంటే మాత్రం నేనొక తెరవలేని డబ్బానే. ఆ రోజే కీని కాగితం మీద అచ్చువేసి, సీలు వేసిన కవర్లలో రెండు వేర్వేరు చోట్ల దాచారు.

కీ ఇచ్చి మళ్లీ మొదలుపెట్టారు. నన్ను ఆగకుండా పూర్తి వేగంతో చదివినా ఐదున్నర గంటలు పడుతుంది. ముందు బస్సుల పట్టిక తెద్దామనుకున్నారు. తీరా చూస్తే లాగిన్ సర్వరు లేకుండా అది తెరుచుకోదు. అందుకని వరుస మార్చారు: మొదట లాగిన్, తర్వాత పిల్లల రికార్డులు, ఆ తర్వాత బస్సులు, ఆపైన జీతాలు. ఆ వరుసనూ కాగితం మీదే రాసుకున్నారు. బస్సుల పట్టిక తెర మీదికి వచ్చినప్పుడు ఆమె ఒక్కో వీధి పేరూ వేలితో చూపిస్తూ పాత కాగితంతో సరిపోల్చింది.

నేను చేయలేనిదీ ఉంది. తాళం పడిన సమాచారాన్ని తిరిగి ఇవ్వగలను, దొంగిలించినదాన్ని వెనక్కి తేలేను. 2024 డిసెంబరులో బడుల రికార్డులు నిర్వహించే పవర్‌స్కూల్ సంస్థలోకి, ఎవరిదో దొరికిన ఒక్క లాగిన్‌తో దొంగ ప్రవేశించాడు. టెక్సాస్‌లోనే 8 లక్షల 80 వేల మందికి పైగా బాధితులు. సంస్థ డబ్బు కట్టింది. అయినా 2025 మేలో కొన్ని డిస్ట్రిక్ట్‌లకు మళ్లీ బెదిరింపులు వచ్చాయి. అలాంటి చోట నాలాంటి టేపులు ఎన్నున్నా లాభం లేదు. అక్కడ కావాల్సింది అక్కర్లేని వివరం అసలు అడగకపోవడం, అవసరం తీరిన వివరం చెరిపేయడం.

అందుకే ఫ్రిస్కోలో, ప్లేనోలో, ఇర్వింగ్‌లో పిల్లల్ని చదివిస్తున్న తెలుగు తల్లిదండ్రులకు ఒక మనవి. స్కూల్ బోర్డు సమావేశాలు బహిరంగంగానే జరుగుతాయి, పేరు రాసిస్తే ఎవరైనా మాట్లాడొచ్చు. మీలో సగం మందికి ఈ విషయాలు ఉద్యోగరీత్యా నాకన్నా బాగా తెలుసు. ఈసారి వెళ్లినప్పుడు కొత్త ల్యాప్‌టాప్‌లు ఎప్పుడొస్తాయని కాక, చివరిసారి బ్యాకప్‌ను తెరిచి చూసింది ఎప్పుడని, దాని కీ ఎక్కడుందని, మా పిల్లల సోషల్ సెక్యూరిటీ నంబరు మీకు నిజంగా అవసరమా అని అడగండి. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.