అత్తరులో అత్త ఉంది

మా లిఫ్టులో ఒక వాసన ఉండేది. మూడో అంతస్తులో ఉర్దూ మాస్టారుంటారు. రిటైరై పదేళ్ళయినా అపార్టుమెంటు మొత్తానికీ మాస్టారే. పొద్దున్నే ఆయన పాలపాకెట్టుకి దిగి వెళ్ళిన పది నిమిషాలకి కూడా ఇంకా లిఫ్టులోనే నిలబడి ఉన్నట్టుండేది. గంధం అనుకుంటే గంధం కాదు, కుంకుమపువ్వు అనుకుంటే అదీ కాదు. పెద్దింటివాళ్ళ పాత బీరువా తలుపు ఎవరో ఓరగా తీసినట్టుండేది. నాది నాలుగో అంతస్తు. ఒక్కోసారి కిందిదాకా దిగి, చుట్టుపక్కల ఎవరూ లేకపోతే మళ్ళీ నాలుగు నొక్కి, పైకెళ్ళి, ఇంకోసారి దిగేవాణ్ణి. యాభై మూడేళ్ళొచ్చి, బ్యాంకులో ఆఫీసరునై ఉండి, లిఫ్టులో షికారు చేశానని ఒప్పుకోవడం సిగ్గే. కానీ ఒప్పుకోవలసినవి ముందు ఇంతకంటే పెద్దవి ఉన్నాయి.

ఒకరోజు ఇద్దరమే ఉన్నప్పుడు తెగించి అడిగేశాను. "షమామా" అన్నారు మాస్టారు, "చలికాలం కదా!" చలికాలానికీ దానికీ సంబంధమేమిటో నాకు తెలియదు. తెలిసినట్టు తల ఊపాను. నా జీవితంలో సగం ఖర్చులు ఇలా తల ఊపినచోటే మొదలయ్యాయి.

ఆదివారం చార్మినార్ వెళ్ళాను. మాస్టారు చెప్పిన కొట్టు పత్తర్‌గట్టీలో ముత్యాల కొట్లన్నీ దాటాక ఉంది. అగ్గిపెట్టెంత కొట్టు. గోడ కనపడకుండా పలకలు చెక్కిన గాజుసీసాలు. కొట్లో పెద్దాయన ఒక సీసా మూత తీసి, గాజుపుల్లతో నా చేతి మీద ఒక్క చుక్క అద్దాడు. నేను వెంటనే రెండు మణికట్లూ కలిపి బరబరా రుద్దేశాను, సినిమాల్లో చూసిన అలవాటు కొద్దీ. చంటిపిల్లాణ్ణి గిల్లినట్టు చూశాడు నన్ను.

"రుద్దొద్దు సార్. దాని తిప్పలు దాన్ని పడనియ్యుండ్రి. అర్ధగంట ఆగి చూడుండ్రి."

అరగంట ఎవరాగుతారు? రెండో నిమిషంలోనే ముక్కు ఆనించాను. ఘాటుగా, కషాయం కాస్తున్న వంటింట్లా ఉంది. నా మొహం చూసి ఆయనే అన్నాడు:

"గులాబ్, మోతియా అంటే ఒక్కడు పాడే పాట సార్. షమామా అంటే ఖవ్వాలీ. మొదలు చప్పట్లే ఇనపడ్తయ్. అసలు పాట ఎనక వస్తది."

ఉత్తరప్రదేశ్‌లో గంగ దాపున ఉన్న కన్నౌజ్ నుంచి వస్తుంది ఈ సరుకు. రాగి డేగ్‌లో దినుసులు వేసి, నీళ్ళు పోసి, మూతకి మట్టి మెత్తి కింద మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టంలోంచి పోయి, నీళ్ళ తొట్టిలో ముంచి ఉంచిన భప్కా అనే రాగి కూజాలో దిగుతుంది. కూజాలో ముందుగానే గంధపు నూనె పోసి పెడతారు. వచ్చిన పరిమళాన్ని పట్టుకుని కూచునేది అదే. ఈ డేగ్ మనకి తెలియనిదేం కాదు, పెళ్ళిళ్ళలో పులిహోర కలిపే డేగిసాకి పెద్దన్న. మల్లె అత్తరుకి మల్లె ఒక్కటే చాలు. షమామాకి దినుసులు పదుల్లో ఉంటాయి. ఇంటికో పాళ్ళ లెక్క, ఆ లెక్క గడప దాటదు. ఒంటికి వేడి అంటారు కాబట్టి చలికాలంలో పూసుకుంటారు. మాస్టారి "కదా"కి అర్థం అదన్నమాట.

అత్తరు తులాల్లో అమ్ముతారు. ఈ తులం బంగారం కొట్టు తులం కన్నా కాస్త పెద్దది, పన్నెండు మిల్లీలీటర్లుగా లెక్కేస్తారు. నేను మూడు మిల్లీలీటర్ల సీసా కొన్నాను. ఇంటికొచ్చి గుమ్మంలోనే, "పావు తులం కొన్నానోయ్" అన్నాను. మా ఆవిడ కుక్కర్ కట్టేసి, చేతులు తుడుచుకుని, పెళ్ళినాటి నవ్వు నవ్వుతూ వచ్చింది. నా జేబులోంచి చిటికెన వేలంత సీసా బయటికొచ్చింది. తర్వాత నాలుగు రోజులు మా ఇంట్లో జరిగినది ఈ వ్యాసానికి సంబంధించినది కాదు.

ఐదో రోజు స్నానం చేసి, మెడకి రెండు పక్కలా రాసుకుని, ఆవిడ ముందు నుంచి రెండుసార్లు నడిచాను. మూడోసారి అడిగింది.

"ఏమండీ, బిర్యానీ మసాలా డబ్బా మూత సరిగ్గా పెట్టలేదా మీరు?"

నాకు ఒళ్ళు మండింది. వందల ఏళ్ళ విద్యని పట్టుకుని మసాలా డబ్బా అంటుందా! రుజువు చేద్దామని దినుసుల పేర్లు ఏకరువు పెట్టాను. రాతిపువ్వు, జాజికాయ, జాపత్రి, లవంగం, ఏలకులు, తుంగముస్తలు, జటామాంసి... సగం దాకా వచ్చేసరికి నా గొంతు నాకే పచారీ చీటీ చదువుతున్నట్టు వినిపించింది. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి డబ్బాలోంచి నల్లటి రాతిపువ్వు రేకు ఒకటి తెచ్చి నా మెడ పక్కన పెట్టి వాసన చూసింది. ఏమీ అనలేదు. డబ్బా మూత గట్టిగా నొక్కి వెళ్ళిపోయింది.

సోమవారం సంగతి చెప్పాలి. చెప్పకుండా దాటేద్దామనే ఉంది కానీ చొక్కా కథ అక్కడే ఉంది. ఒంటికి వ్యాజిలైన్ రాసి దాని మీద అత్తరు అద్దితే ఎక్కువసేపు నిలుస్తుందని ఎక్కడో విన్నాను. రాశాను. పావుగంటకి వాసన తెలియడం మానేసింది. ఎగిరిపోయిందనుకుని ఇంకొంచెం రాశాను. మళ్ళీ తెలియలేదు, మళ్ళీ రాశాను. ఒకే వాసన కాసేపు వదలకుండా తగిలితే ముక్కు దాన్ని లెక్కలోంచి తీసేస్తుందని, తీసేసేది మన ముక్కు మాత్రమేనని అప్పటికి నాకు తెలియదు. మూడో విడతలో చెయ్యి జారి కాలరు మీద కూడా పడింది, ఇటుక రంగు మరక.

ఆ రోజు మా బ్రాంచిలో పదకొండింటికే అందరికీ ఆకలేసింది. క్యాషియరు క్యారేజీ విప్పేశాడు. పెన్షను కోసం వచ్చిన పెద్దావిడ ఒకరు అటూ ఇటూ చూసి, ఇక్కడ ఆయుర్వేదం డాక్టరు కూడా కూర్చుంటారా అని అడిగింది. సాయంత్రం లిఫ్టులో నాతో పాటు ఎక్కినవాళ్ళు ఒకటో అంతస్తులోనే దిగి మెట్లెక్కారు. వాళ్ళలో ఒకాయన ఉండేది ఐదో అంతస్తులో.

సీసా పట్టుకుని మళ్ళీ పత్తర్‌గట్టీ వెళ్ళాను, నకిలీ అంటగట్టారని దెబ్బలాడదామని. పెద్దాయన పల్లెత్తు మాట అనలేదు. నా సీసాలోంచే తన మణికట్టు మీద ఒక చుక్క అద్దుకుని, చాయ్ తెప్పించాడు. ఈసారి ఆగాను. చాయ్ అయిపోయి, ఇద్దరు బేరగాళ్ళు వచ్చి వెళ్ళాక చెయ్యి చాపాడు. మా లిఫ్టు! అచ్చంగా మా లిఫ్టు!

"అత్తర్ అదే సార్. చెయ్యే వేరే" అని, కాస్త దగ్గరకి వంగి, "రాత్రి ఏం తిన్నరు?" అన్నాడు.

వెల్లుల్లి కారం. రాత్రే కాదు, పుట్టినప్పటి నుంచీ. మా ఇంట్లో వెల్లుల్లి కారం పడనిది కాఫీలో ఒక్కదానిలోనే. వెల్లుల్లి తిన్నాక గంటల తరబడి ఊపిరిలోంచీ చెమటలోంచీ బయటికొస్తూనే ఉంటుంది. ఖవ్వాలీ పాడేవాళ్ళ మధ్య మా వెల్లుల్లి కూర్చుని డప్పు కొడుతోందన్నమాట.

ఆ రాత్రి నుంచి మా ఇల్లు ప్రయోగశాల అయింది. మా ఆవిడ చేతికి రాస్తే ముందు లవంగం, తర్వాత కర్పూరం, ఆఖరికి శనివారం పూజగది. బాగానే ఉంది కానీ, భార్య చెయ్యి పట్టుకుంటే దణ్ణం పెట్టాలనిపించడం ఒక ఇబ్బంది. మావాడు ఇంజనీరింగు. వాడి ఒంటి మీద అప్పటికే డబ్బా స్ప్రే ఒకటి కాపరం ఉంది. దాంతో కలిసి కొత్త కారు సీట్లో హల్వా ఒలికినట్టయింది. "నాకేం వాసన రావట్లేదు నాన్నా" అన్నాడు వాడు. అబద్ధం అనుకున్నాను. కాకపోవచ్చు. ఒంటికి ఒక్కో తీరున్నట్టే ముక్కుకీ ఒక్కో తీరుంది. వాసన పట్టే గ్రాహకాలు మన ముక్కులో దాదాపు 400 రకాలు. వాటి గుట్టు విప్పినందుకే లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకి 2004లో నోబెల్ ఇచ్చారు. ఆ రకాల్లో మనిషికీ మనిషికీ తేడాలున్నాయి. చెమటలో ఉండే ఆండ్రోస్టినోన్ అనే పదార్థం కొందరికి మూత్రంలా కంపు, కొందరికి తియ్యటి వాసన, కొందరికి అసలు ఏ వాసనా లేదు. ఆ తేడాకి ఒకే ఒక్క జన్యువులోని మార్పు కొంతవరకు కారణమని 2007లో తేలింది. ఇదంతా భోజనాల దగ్గర వివరిస్తూంటే, "మీది మాత్రం అందరికీ తెలుస్తోంది లెండి" అంది మా ఆవిడ.

సరిగ్గా అప్పుడే తెనాలి నుంచి మా అత్తగారు దిగారు, కంటి శుక్లాల ఆపరేషనుకి. డెబ్భై రెండేళ్ళ మనిషి. స్నానం చేశాక చేతులకీ కాళ్ళకీ కొబ్బరినూనె రాసుకుంటే తప్ప తోచదు. ఆపరేషనయి నల్లకళ్ళద్దాలతో సోఫాలో కూర్చుని ఉండగా, "అత్తయ్యగారూ, ఒక్కసారి చెయ్యి ఇటివ్వండి" అన్నాను.

"ఈ వయసులో నాకు అత్తరేంటి బాబూ, నలుగురూ నవ్వుతారు!" అంటూనే చెయ్యి చాపారు.

మసాలా డబ్బా రాలేదు. కషాయం అలా వచ్చి ఇలా పోయింది. కొబ్బరినూనె మీద, ఎండిన ముడతల చర్మం మీద, అది పాకి, మెత్తబడి, గంట గడిచేసరికి హాలంతా నిండింది. మాస్టారి వాసన కూడా దీని ముందు చిత్తుప్రతే. లోపల గంధం, గంధం లోపల కుంకుమపువ్వు, ఆ అడుగున ఎక్కడో మా నాయనమ్మ పట్టుచీరల ట్రంకుపెట్టె. అత్తగారు కూడా చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు మాట్లాడలేదు.

"ఎప్పుడో శుక్రవారం కొండ మీద అభిషేకంలో కూర్చున్నాను అల్లుడుగారూ. అయ్యాక స్వామికి పునుగు తైలం పూస్తారే, ఆ దరిదాపుల్లో ఉందండీ."

చర్మం తడీ, జిడ్డూ, వేడీ బట్టి తేలిక వాసనలు ముందూ బరువువి వెనకా లేచిపోతాయని చదువుకున్నాను కాబట్టి సమాధానం తెలుసు. సమాధానం తెలిస్తే కడుపుమంట తగ్గదు. డబ్బు నాది, దెబ్బలాట నాది, దుర్గంధం నాది, యోగం మాత్రం ఆవిడది.

ఇక ఒప్పుకోవలసిన పెద్ద విషయం. ఆ మూడు వారాలూ నేను రోజూ సాయంత్రం ఏడింటికల్లా ఇంటికొచ్చి అత్తగారి పక్కన సోఫాలో కూర్చుని సీరియళ్ళు చూశాను. ఆవిడకి కళ్ళు అలసిపోతాయని కథ నేనే చెప్పేవాణ్ణి. ఇరవై ఆరేళ్ళ కాపరంలో లేని ఈ భక్తి ఎక్కడిదని మా ఆవిడ రెండు రోజులు మురిసింది, మూడో రోజు నుంచి అనుమానించింది. పట్టుబడ్డాక, పరువు కోసం చరిత్ర ఎత్తాను. గులాబీ అత్తరు కనిపెట్టింది ఎవరనుకున్నావు, జహంగీరు అత్తగారు! నూర్జహాన్ తల్లి అస్మత్ బేగం. పన్నీరు కాస్తూంటే, వేడి వేడి పన్నీరు పోసిన పళ్ళేల్లో పైన తేలిన తెట్టుని తీసి పోగుచేసిందావిడ. జహంగీరే తన స్వీయచరిత్రలో రాసుకున్నాడు. అత్తరులో అత్త ఉన్నది ఊరికే కాదు, అని ముగించాను గొప్పగా.

"మరి జహంగీరు ఆవిడకేమిచ్చాడో?" అన్నారు అత్తగారు కళ్ళద్దాల వెనక నుంచి.

ముత్యాలహారం ఇచ్చాడు. ఈ సంగతి నాకు నోరు తెరిచాకే గుర్తొచ్చింది. పత్తర్‌గట్టీలో అత్తరు కొట్టుకి ముందు వచ్చేవన్నీ ముత్యాల కొట్లేనని నేనే అంతకుముందు వర్ణించి ఉన్నాను. ఒంటిపేట హారంతో బయటపడ్డాను. ఊరెళ్ళేటప్పుడు మిగిలిన సీసా కూడా ఆవిడ సంచిలోకే వెళ్ళింది. అడగలేదు పాపం, ముట్టుకుని చూశారంతే.

ఆవిడ వెళ్ళిన వారానికి మా ఆవిడ పడగ్గదిలోంచి కేకేసింది. ఆ సోమవారపు చొక్కా, మిగతా బట్టలకి వాసన అంటుకుంటుందని మెషీన్లో వెయ్యకుండా తలుపు వెనక కొక్కేనికి తగిలించి మరిచిపోయింది. దాన్ని రెండు చేతులా పట్టుకుని, మొహం అందులో పెట్టుకుని నిలబడి ఉంది. నేను వెళ్ళి వాసన చూశాను. గంధం, కుంకుమపువ్వు, ట్రంకుపెట్టె, అన్నీ ఉన్నాయి.

"ఏమండీ, మీరు లేకుండా మీ చొక్కా ఎంత బావుందో!" అంది. వెక్కిరింత కాదు, మనస్ఫూర్తిగానే.

పరుగున మూడో అంతస్తుకి దిగి మాస్టార్ని అడిగాను. ఆయన తెల్లబోయారు. "ఒంటికి ఎవరు రాయమన్నారండీ? నేను షేర్వానీ కాలరుకి పెడతాను. కాస్త దూదికి అద్ది చెవి మడతలో." అడిగిన రోజు ఆ మాట నేనడగలేదు, తల ఊపాను కదా.

పోయిన ఆదివారం మా ఆవిడ పిన్నికొడుకూ, అతని భార్యా భోజనానికొచ్చారు. వాళ్ళొచ్చే పావుగంట ముందు మా ఆవిడ ఆ చొక్కా తెచ్చి, మరక వెనక్కి వచ్చేలా హాల్లో కుర్చీకి తొడిగి, ఫ్యాను రెండులో పెట్టింది. "అబ్బ, ఇల్లు ఎంత బావుందక్కా!" అనడం, "బావగారేరీ?" అనడం నాకు చక్కగా వినిపించాయి. బాల్కనీలో స్టూలు మీద కూర్చుని వెల్లుల్లి వలుస్తున్నాను.