మోచేతి మీది అభ్రకం: ఒక గాజుపలక ఆత్మకథ

ఈ ఆత్మకథలో గాజుపలక తన్ను తాను ప్రథమ పురుషలోనే చెప్పుకుంటుంది. ఎదుటివారి చర్మాన్ని చూపించడమే తప్ప తాను కనబడకపోవడం దాని వృత్తి కాబట్టి, దానికి ఆ పద్ధతే సహజం. ఇసుక, సోడా, సున్నం కలిపి కరిగించిన గాజు నుంచి మూడంగుళాల పొడవు, అంగుళం వెడల్పు, మిల్లీమీటరు మందంతో రూపుకట్టి, తోటి పలకలతో పాటు అట్టపెట్టెలో ఒదిగి, అది ఒక పెద్దాసుపత్రి చర్మవ్యాధుల ఓపీ గదికి చేరింది. అక్కడివారు దాన్ని స్లైడు అంటారు. ల్యాబుకు వెళ్ళిన దాని తోడి పలకలకు రక్తపు చుక్కనో కఫాన్నో మోయడం ఒక్కటే పని. చర్మవైద్యుల చేతికి వచ్చిన పలక మాత్రం నొక్కడానికీ, గీరడానికీ, మోయడానికీ కూడా పనికొస్తుంది. ఈ మూడు పనులూ ఒకే ఉదయం, ఒకే మోచేతి మీద జరిగిపోవడమే ఈ పలక జీవితం.

ఆ మోచేతి మీది మచ్చకు గీత గీసినట్టు స్పష్టమైన అంచు, తడిమితే వేళ్ళకు తెలిసే మందం, పైన వెండిరంగు పొలుసులు ఉన్నాయి. ఇలాంటి మచ్చను పాశ్చాత్య పాఠ్యగ్రంథాల బొమ్మలు గులాబీ ఎరుపుగా చూపిస్తాయి గానీ, చామనఛాయ, నలుపు చర్మాల మీద అదే ఎరుపు వంకాయ రంగుగానో ముదురు గోధుమరంగుగానో కనబడుతుంది కాబట్టి, ఎరుపు కోసమే వెతికే కన్ను మన ప్రాంతంలో తేలిగ్గా పొరబడుతుంది. పొలుసులు అంతగా మోసం చెయ్యవు. వైద్యగ్రంథాలు వాటిని అభ్రకంతో పోలుస్తాయి. గూడూరు గనుల అభ్రకాన్ని చేతపట్టి చూసినవారికి ఆ పోలికను విడమరచి చెప్పనక్కర్లేదు, రేకు మీద రేకుగా పేరుకుని, వెలుతురు పడితే మెరిసి, తాకితే రాలడం రెండింటికీ ఒకటే. మామూలు చర్మంలో అడుగుపొరన పుట్టిన కణం పైకి చేరి రాలిపోవడానికి దాదాపు నెల పడుతుంది. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక కణాలు అకారణంగా రెచ్చిపోయి, ఇంటర్‌ల్యూకిన్-17, ఇంటర్‌ల్యూకిన్-23 వంటి సందేశాలు మోసే ప్రొటీన్లను అదేపనిగా విడుదల చేసినప్పుడు, ఆ ప్రయాణం మూడు నుంచి అయిదు రోజుల్లో ముగిసి, పక్వం కాని కణాలు ఒకదానికొకటి అతుక్కుని పైన కుప్పపడతాయి. ఈ దీర్ఘకాలిక వాపు జబ్బు పేరే సోరియాసిస్.

వైద్యురాలు పలకను మొదట మచ్చ మీద అదిమిపెట్టింది. రక్తం నాళాల నుంచి బయటికి కారి చర్మంలో నిలిచిపోయి ఉంటే గాజు ఎంత నొక్కినా ఆ రంగు పోదు; ఇక్కడ రంగు వెలిసిపోయి, పలక ఎత్తగానే తిరిగి వచ్చింది గనుక, అది వాపు వల్ల ఉబ్బిన నాళాలలోని రక్తమేనని తేలింది. తర్వాత పలక అంచుతో మెల్లగా గీరినప్పుడు మైనపువత్తిని గీరినట్టు తెల్లటి పొడి రాలింది, దాని అడుగున తడిగా పల్చటి పొర బయటపడింది, ఆ పొర కూడా లేచాక గుండుసూదిమొనలంతేసి రక్తబిందువులు పొడమాయి. ఈ బిందువులకు కారణం సులభం: లోపలి చర్మపు మొనలు రక్తనాళాలతో సహా పైకి సాగి, వాటిపై కప్పు బాగా పల్చబడి ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దపు వియన్నా వైద్యుడు హైన్రిక్ ఆస్పిట్జ్ పేరుతో దీన్ని ఆస్పిట్జ్ గుర్తు అంటారు. ఇది సోరియాసిస్ ఉన్న అందరిలోనూ కనబడదు, వేరే జబ్బుల్లోనూ కనబడవచ్చు. కాబట్టి ఇది ఒక సాక్ష్యమే గాని తీర్పు కాదు. ఇంట్లో గోటితో గీరి ఈ పరీక్ష చేసుకోవడం మరీ ప్రమాదం, ఎందుకంటే గీరుకుపోయిన, దెబ్బతగిలిన చోటనే కొత్త మచ్చలు మొలవడం ఈ జబ్బు స్వభావమని 1870లలోనే జర్మన్ వైద్యుడు హైన్రిక్ కోబ్నర్ గుర్తించాడు.

రాలిన పొట్టు పలక మీదనే పడింది. దానిపై పొటాషియం హైడ్రాక్సైడు ద్రావణం ఒక చుక్క వేసి, పైన మరో చిన్న గాజురేకు కప్పి, కాసేపాగి సూక్ష్మదర్శిని కింద పెట్టారు. ఆ ద్రావణం చర్మకణాలను కరిగించి, శిలీంధ్రం ఉంటే దాని పోగులను మాత్రం మిగులుస్తుంది. పోగులు ఏవీ లేవు. ఆ లేకపోవడమే ఈ పలక బతుకులోకెల్లా విలువైన సాక్ష్యం, ఎందుకంటే ఆ మోచేతిని అంతవరకూ అందరూ తామర అన్నారు. తామర సాధారణంగా మధ్యలో తేరుకుంటూ అంచున ఎగబాకే వలయం. సోరియాసిస్ మచ్చ చాలావరకు అంతటా ఒకే మందంగా ఉంటుంది. ఈ తేడా తెలియక మందులషాపులో అడిగి తెచ్చుకునే కలగలుపు క్రీములలో తరచుగా ఘాటైన స్టెరాయిడు ఉంటుంది, అది పూసినన్నాళ్ళు మచ్చ అణగి, మానగానే తిరగబెట్టి, అసలు రూపాన్ని వైద్యుల కళ్ళకు కూడా అందకుండా చేస్తుంది. స్టెరాయిడు మాత్రలో ఇంజెక్షన్లో వాడి హఠాత్తుగా ఆపితే ఒళ్ళంతా చీముపొక్కులు లేవడమో, శరీరమంతా ఎర్రబారి పొట్టు రాలడమో జరగవచ్చు. చలిజ్వరంతో అలా వచ్చినవారిని వెంటనే ఆసుపత్రిలో చేర్చుకోవాలి. ఒక్క గాజుపలకతో, ఒక్క ద్రావణపు చుక్కతో తప్పించగలిగిన ఇంత బాధను మనుషులు ఏళ్ళ తరబడి మోయడం నిజంగా దుఃఖించదగినది.

పలకకు అందని చోట్లు కూడా ఉన్నాయి, వైద్యురాలు అసలు శ్రద్ధ పెట్టింది అక్కడే. మోకాళ్ళు, నడుము కిందిభాగం, బొడ్డు, చెవుల వెనక, తల అన్నీ చూసింది. చుండ్రు అనుకుని ఊరుకున్న పొట్టు జుట్టు అంచు దాటి నుదుటి మీదికి మందంగా పాకి ఉంది. చంకలు, గజ్జల వంటి మడతలలో వచ్చే రకంలో చెమట తడికి పొలుసులు నిలవవు, నున్నగా మెరిసే ఎర్రటి పుండులా మాత్రమే కనబడుతుంది. గొంతునొప్పి వచ్చిన రెండు మూడు వారాలకు పిల్లల్లో, యువకుల్లో ఒంటినిండా నీటిబొట్లలా చిన్న మచ్చలు లేవడం ఇంకో రకం. గోళ్ళ మీద సూదితో పొడిచినట్టు గుంటలు, గోరు కింద నూనెచుక్క పడినట్టు పసుపు మచ్చ, గోరు లేచిపోవడం కనబడితే కీళ్ళ గురించి తప్పక అడగాలి. పొద్దున లేవగానే అరగంట దాటినా వదలని బిగుతు, ఒక వేలు మొత్తం ఉబ్బిపోవడం కీళ్ళకు జబ్బు పాకిందనడానికి సూచనలు, ఆలస్యమైతే అక్కడ జరిగే నష్టం తిరిగి పూడదు.

చివరికి వైద్యురాలు దూది పోగుతో మచ్చను తాకి, స్పర్శ తెలుస్తోందని నిర్ధారించుకుంది. కుష్ఠు మచ్చలో చాలాసార్లు స్పర్శ పోతుంది. ఈ రెండు జబ్బులనూ వైద్యలోకమే శతాబ్దాల పాటు కలిపివేసింది, 1841లో వియన్నాలో ఫెర్డినాండ్ హెబ్రా విడదీసేవరకూ. ఆ పాత పొరపాటు నీడ వేరే కంచం పెట్టే ఇళ్ళలో ఇంకా ఉంది. 2014లో ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానం సోరియాసిస్‌ను అంటువ్యాధి కాని జబ్బుగానే పేర్కొంది. ఓపీ చీటీలో జబ్బు పేరు రాసి, దాని కింద "ఎవరికీ అంటదు" అని ఇంట్లోవాళ్ళు కూడా చదువుకునేలా తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసిచ్చింది.

రక్తం అంటిన గాజును మళ్ళీ వాడరు. పలకను నీలి గుర్తు ఉన్న డబ్బాలో వేశారు. అక్కడి నుంచి క్రిమిశుద్ధికి, ఆ తర్వాత కరిగించే కొలిమికి దాని దారి.