ఎర్ర గాజు వాంగ్మూలం

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత. నన్ను చూడగానే చాలామందికి గుర్తొచ్చేది అదే. లోహపు చట్రంలో బిగించిన గుండ్రటి ఎర్ర గాజును నేను. చట్రం మీద 25 అన్న సంఖ్య ఉంటుంది. కెమెరా లెన్స్ ముందు నన్ను తిప్పి బిగిస్తారు. కంటికి అడ్డం పెట్టుకుంటే లోకం ఎర్రబారే మాట నిజమే. కానీ నా కొలువు కంటి దగ్గర కాదు, నలుపు తెలుపు ఫిల్మ్ దగ్గర. అక్కడ ఎరుపన్నదే లేదు. ఎక్కడ ఎంత వెలుతురు పడిందన్న లెక్క ఒక్కటే ఉంటుంది. ఎర్రరాతి నుంచి వచ్చే కాంతిని పోనిస్తాను, రాయి తెల్లబడుతుంది. నీలాకాశం నుంచి వచ్చేదాన్ని ఆపుతాను, ఆకాశం నల్లబడుతుంది. అమెరికాలో ఆరిజోనా, యూటా రాష్ట్రాల సరిహద్దున, నవాహో ప్రజల నేల మీద ఉంది మాన్యుమెంట్ వ్యాలీ. అక్కడి ఇసుకరాతి గుట్టలు కాటుకలాంటి ఆకాశం ముందు వెలిగిపోయే ఫోటో ఎక్కడైనా కనిపిస్తే, దాని వెనక నాలాంటి గాజు ఉందని అనుకోవచ్చు. లేని ఆకాశాన్ని ఉన్నట్టు చూపిస్తానని నా మీద అభియోగం. నా ఆత్మకథ దానికి జవాబు.

ముందు నా పుట్టుక చెప్పాలి. నేను లేని రోజుల్లో ఫోటో స్వచ్ఛంగా ఉండేదన్న భ్రమ అప్పుడు గానీ పోదు. 1873లో ఫోటోగ్రాఫర్ టిమొతీ ఒసలివన్ ఆరిజోనాలోని కాన్యన్ డి షే లోయలో వైట్ హౌస్ అనే పాత కట్టడపు శిథిలాల మీదుగా లేచిన కొండగోడను తడి కొలోడియన్ ప్లేట్ల మీద తీశాడు. ఆ లోయ పేరు పెట్టుకున్న ఇసుకరాయే మాన్యుమెంట్ వ్యాలీ గుట్టల నిట్టనిలువు గోడల్లోనూ ఉంది. తడి ప్లేటుకు నీలం, అతినీలలోహితం తప్ప మరేదీ దాదాపు కనిపించదు. అంటే ఎర్రరాతిని ఎర్రగా చేసే కాంతి పడినా ఆ ప్లేటు దాన్ని దాదాపు పట్టుకోలేదన్నమాట. ప్లేటే ఒక నీలి ఫిల్టర్‌లా పనిచేసింది, కాకపోతే ఎవరూ దాన్ని ఆ పేరుతో పిలవలేదు. అన్ని రంగులకూ స్పందించే పాంక్రొమాటిక్ ప్లేట్లను 1906లో ఇంగ్లండ్‌లోని రాటెన్ అండ్ వెయిన్‌రైట్ సంస్థ అమ్మకానికి పెట్టింది. ఆ సంస్థను 1912లో కొడాక్ కొనేసింది. నా వంశానికి రాటెన్ అన్న ఇంటిపేరు అలా నిలిచింది. ఎరుపును చూడగల ప్లేటు వచ్చాకే ఎరుపును ఎంచి పంపే గాజుకు పని దొరికింది. ఆ ప్లేటుకైనా నీలం మీద మక్కువ ఎక్కువే. నేను లేకుండా తీస్తే నీలాకాశం కంటికి తోచినదానికన్నా పాలిపోయి వస్తుంది. కాబట్టి ఏ వైపూ మొగ్గని ఫోటో అంటూ ఒకటి ఉండి, దాన్ని నేను వచ్చి చెడగొట్టానన్న వాదన నిలవదు.

మరి నేనేం చేస్తాను? సుమారు 600 నానోమీటర్ల కన్నా పొడవైన తరంగాలను పోనిచ్చి, మిగతావాటిని ఆపుతాను. చేర్చేది ఏమీ లేదు, తగ్గించడమే నా పని. అందుకే నా ఫలితం ఆ రోజు ఎండను, గాలిని బట్టి మారుతుంది. వాన వెలిసి గాలి పొడిగా తేటపడిన రోజున నీడలకు సూర్యుడు అందడు, వాటిని వెలిగించేది నీలాకాశమే. ఆ నీలాన్ని ఆపేస్తే రాతి పగుళ్ళు సిరా పోసినట్టు నల్లబడతాయి. దూరపు గుట్టలను కప్పే పలచని నీలి మసక కూడా తొలగిపోతుంది, ఎందుకంటే గాలి అణువులు ఎక్కువగా చెదరగొట్టేది నీలాన్నే. పొగమంచు దిగితే మాత్రం నేను చేతులెత్తేస్తాను. నీటి బిందువులు అన్ని రంగులనూ ఒకేలా చెదరగొడతాయి, ఏరడానికి నాకేమీ మిగలదు. ఆకాశమంతా మేఘం కప్పినప్పుడు నా వల్ల వెలుతురు తగ్గుతుంది గానీ ఆకాశం నల్లబడదు. ఎర్రధూళి లేచిన రోజున ఆ ధూళినే మరింత తెల్లగా చూపిస్తాను. మంచు పడితే దాని మీది నీడలు నీలంగా ఉంటాయి కనుక అవి నల్లగీతలై పైకి తేలతాయి. సాయంకాలం వెలుతురులో నీలం ముందే తగ్గిపోతుంది. పగటి ఎండలో నన్ను పెడితే ఎక్స్‌పోజర్ 8 రెట్లు పెంచాలి, బల్బు వెలుతురులో 5 రెట్లు చాలు. దిగే సూర్యుడు ఆ బల్బు వైపే జరుగుతాడు. మాన్యుమెంట్ వ్యాలీలో మార్చి చివర్లోనూ సెప్టెంబర్ మధ్యలోనూ వెస్ట్ మిట్టెన్ గుట్ట నీడ పొద్దుగూకే వేళ ఈస్ట్ మిట్టెన్ గుట్ట మీద పడుతుంది. ఎండ పడే రాతికీ ఆ నీడకూ మధ్య తేడాను నేను పెంచగలను, కానీ నీడను పుట్టించలేను, గంట ముందుకు జరపనూ లేను.

నా వాదనంతా ఇదే. లోకంలో ముందే ఉన్న తేడాను పెద్దది చేయగలను తప్ప లేని తేడాను సృష్టించలేను. హైదరాబాద్ చుట్టూ ఉన్న బూడిదరంగు గ్రానైట్ గుండ్ల ముందు నన్ను నిలబెడితే ఆకాశం నల్లబడుతుంది గానీ రాయి వెలిగిపోదు. ఆ రాయి రంగులన్నిటినీ ఇంచుమించు సమానంగా తిప్పిపంపుతుంది. మాన్యుమెంట్ వ్యాలీ రాయి నా ముందు వెలిగిందంటే, దాని ఇసుకరేణువులకు ఇనుము తుప్పు పూత ఉందని, పైన గాలి తేటగా ఉందని అర్థం. నల్లటి ఆకాశం ఒక విధంగా ఆనాటి వాతావరణ నివేదికే.

అయినా ఆ నల్లటి ఆకాశాన్ని ఎవరూ కంటితో చూడలేదు కదా అంటారు. నిజమే. ఆ నీలాకాశాన్ని బూడిదరంగులోనూ ఎవరూ చూడలేదు. రంగులను నలుపు తెలుపుల్లోకి దించడమే ఒక అనువాదం, ఏ మాటకు ఏ మాట వాడాలో ఎవరో ఒకరు తేల్చాల్సిందే. ఇంతకన్నా పదునైన ఆక్షేపణ సినిమాది. నలుపు తెలుపు చిత్రాల రోజుల్లో నన్ను అడ్డం పెట్టి, ఎక్స్‌పోజర్ తగ్గించి, మిట్టమధ్యాహ్నాన్ని రాత్రిగా నమ్మించేవారు. ఆ పనిలో నా పాలు నేను ఒప్పుకుంటాను. కానీ ఆ మాయకూ నిర్మలమైన నీలాకాశం కావాల్సి వచ్చింది, మబ్బు తెల్లగా కమ్మిన రోజున ఆ రాత్రి కుదిరేది కాదు. అయితే ఆకాశం నల్లగా ఉంటే తుఫాను వస్తోందనుకునే చూపరి కూడా ఉంటాడు. అతని పొరపాటుకు నాకూ బాధ్యత ఉంది. ఫోటో కింద ఫిల్టర్ పేరు రాస్తే ఆ చిక్కు చాలావరకు తీరుతుంది.

నా కాలం చెల్లిందన్నది చివరి ఆక్షేపణ. వెలుతురు విషయంలో ఖరీదైన గాజునని ఒప్పుకుంటున్నాను. సెకనులో 125వ వంతు చాలే చోట నా వల్ల 15వ వంతు పడుతుంది. గుట్ట కదలదు గానీ గాలికి జూనిపర్ చెట్టు కొమ్మ కదిలి మసకబారుతుంది. రంగుల్లో తీసి, తర్వాత ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద ఎర్ర పాయను (రెడ్ చానల్‌ను) పెంచి నీలాన్ని తగ్గిస్తే ఇంచుమించు ఇదే ఫలితం వస్తుంది. కానీ ఆ ఎర్ర పాయ ఎక్కడిది? 1976లో బ్రైస్ బేయర్‌కు పేటెంట్ వచ్చిన అమరికలో సెన్సర్ మీది ఒక్కో చుక్కకు ఎర్ర, ఆకుపచ్చ, నీలి ఫిల్టర్లలో ఏదో ఒకటి ఉంటుంది. మేము పోలేదు, కంటికి కనిపించనంత చిన్నగా మారి లెన్స్ వెనక్కి చేరాం. నాకు అభ్యంతరం ఫిల్టర్ అన్న మా పేరే పెట్టుకుని ఏ ఫోటోకైనా సంధ్యారాగం పూసే ఫోన్లలోని నొక్కుడు మీటలతోనే. వాటికి తేట గాలి అక్కర్లేదు, తుప్పు పూత అక్కర్లేదు. ఏ ఎండలో తీసినా, ఏ వానలో తీసినా ఒకే జవాబు చెబుతాయి. కామెర్ల కంటి సామెత వాటికే సరిపోతుంది. ఆ కన్ను దేన్ని చూసినా పచ్చగానే చూస్తుంది. నేను మాత్రం పొగమంచు దిగిన పొద్దున ఓడిపోతాను. నా నిజాయితీకి ఆ ఓటమే సాక్షి.